బత్తలపల్లె పార్సిల్

పక్క పట్నంలో నేసిన పట్టుచీరను, పొరుగు పల్లెలో చెక్కిన తోలుబొమ్మ దీపాన్ని ఇప్పుడు ఫోన్లోనే చూసి, ఫోన్లోనే బేరమాడి కొనుక్కోవచ్చు. అదే ఫోన్లో వేలు కాస్త జరిపితే చాలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చవక సరుకు ఎదురవుతుంది. ఈ పోటీలో ధర ఎక్కడ తేలుతోందని ఆరా తీస్తే, మగ్గం గుంట దగ్గర బయల్దేరిన దారి జెనీవా దాకా పోతోంది.

రాత్రి ఏడు దాటితే ధర్మవరంలో చాలా ఇళ్ల ముందుగదులు దుకాణాలైపోతాయి. కింద చాప, దాని మీద తెల్లదుప్పటి, ఎదురుగా స్టాండుకు బిగించిన ఫోను, దాని చుట్టూ రింగ్ లైటు. చీరల దొంతర పక్కన పెట్టుకుని కూర్చున్న అమ్మాయి ఒక్కో మడతా విప్పుతుంది. ముందు అంచు, తర్వాత బాడీ, ఆనక కొంగు. కొంగును లైటుకు అడ్డంగా పట్టి అటూ ఇటూ తిప్పుతుంది. వెనకవైపు పోగులు కనపడేలా తిరగేస్తుంది. “అక్కా, ఇది ప్యూర్ పట్టు. చేతిమగ్గం. నచ్చినోళ్లు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయండి. సింగిల్ పీసే ఉంది. పార్సిల్ ఓపెనింగ్ వీడియో లేకుంటే మాత్రం కంప్లయింట్ తీసుకోమక్కా” అంటుంది.

కింద కామెంట్లు పరిగెడుతుంటాయి. ‘ప్రైస్ ప్లీజ్’, ‘షిప్పింగ్ ఫ్రీనా?’, ‘సీఓడీ ఉందా?’ వాటి మధ్యలో ఎవరో ఒకరు ఈ మాటా అడిగేస్తారు: ‘ఇట్లాంటిదే యాప్‌లో తొమ్మిది వందలకే ఉంది కదా?’

అమ్మే మనిషి ఆ ప్రశ్న వినిపించుకోనట్టు తర్వాతి చీర అందుకుంటుంది. జవాబు తెలియక కాదు, లైవ్‌లో తేలే జవాబు కాదది. పట్టు ఎక్కడిది, మగ్గం ఎవరిది, పార్సిల్‌కి ఎంత, సుంకం ఎంత అని విప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది.

అనంతపురం నుంచి కదిరి వెళ్లే జాతీయ రహదారి మీద ఉంటుంది బత్తలపల్లె. ధర్మవరానికి పదిహేను కిలోమీటర్ల లోపే. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) ఆసుపత్రి వల్ల చుట్టుపక్కల జిల్లాల వాళ్లకూ ఊరి పేరు తెలుసు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది గానీ ఎండ, వాన, అప్పు అన్నీ పాత అనంతపురం లెక్కే. ఏడాదికి సగటున ఐదున్నర వందల మిల్లీమీటర్ల వాన, అదీ అదునుకు రాదు. సేద్యానికి తోడు మరో ఆసరా వెతుక్కోవడం ఇక్కడ తరతరాల అలవాటు. ఒకరింట్లో మగ్గం, ఒకరింట్లో పట్టుపురుగులు, ఇంకొకరింట్లో బెంగళూరు వలస. ఆ ఆసరాల్లోకి కొత్తగా చేరింది ఫోను. ఊళ్లో కూర్చుని ఊరవతలికి అమ్మడం. అది చేతికందిన రోజునే ఊరవతలి వాళ్లు కూడా ఊళ్లోకి అమ్మడం మొదలుపెట్టారు.

ఆ తొమ్మిది వందల చీర ఎవరిది?

ముందు ఆ కామెంటు సంగతి తేల్చుకుందాం. యాప్‌లో ‘ధర్మవరం మోడల్’, ‘కంచి స్టైల్’, ‘సెమీ పట్టు’ అని కనిపించే చీరల్లో చాలావాటికి పట్టుపురుగుతో సంబంధం లేదు. పాలిస్టర్ దారం మీద పవర్‌లూమ్ నేత. కొన్నిటికి అంచు కూడా నేసింది కాదు, అచ్చు వేసింది. ఇలాంటి సరుకుకు పెద్ద అడ్డా సూరత్. అది పరాయి దేశమేమీ కాదు. కానీ గుంటమగ్గం దగ్గర కూర్చున్న మనిషికి సూరత్ కూడా చైనాలోని షెన్‌జెన్ అంత దూరమే. రెండిటి యంత్రం వేగమూ అతని చేతికి అందదు.

చేతిమగ్గం మీద ఒక పట్టుచీర దిగాలంటే డిజైన్‌ను బట్టి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది. వార్పు పట్టడం, అచ్చులో పోగులు అతకడం, జకార్డు కార్డులు కట్టుకోవడం ఇవన్నీ నేతకు ముందు పనులు. ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుట్టకపోతే మగ్గం ఆడదు. నేతగాడికి దక్కేది కూలి. రేషం, జరీ షావుకారువి, చీర కూడా ఆయనదే. కూలి మగ్గాల లెక్క ఇలాగే నడుస్తుంది. ఫోన్లో తానే అమ్ముకోగలిగితే ఆ మధ్య లాభం కొంతైనా ఇంట్లో మిగులుతుందన్నది ఆశ. కొందరు ఆ ఆశను నిజం చేసుకున్నారు కూడా.

చేతిమగ్గాన్ని కాపాడ్డానికి చట్టం లేకపోలేదు. 1985లో పార్లమెంటు చేనేత రిజర్వేషన్ చట్టం చేసింది. కొన్ని రకాలు చేతిమగ్గాల మీదే నేయాలని, పవర్‌లూమ్ ముట్టుకోకూడదని దాని సారాంశం. మొదట 22 రకాలకు రక్షణ ఇచ్చారు. ఇప్పుడవి 11 మాత్రమే, అందులో చీర ఉంది. మిల్లులవాళ్లు కోర్టుకు వెళ్తే 1993లో సుప్రీంకోర్టు చట్టం వైపే నిలబడింది. ధర్మవరం పట్టుచీరలకు, పావడాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే చట్టం మగ్గాన్ని తనిఖీ చేయగలదు గానీ, యాప్‌లో రోజుకు వేలల్లో ఎక్కే ఫొటోలను ఎవరు తనిఖీ చేస్తారు? ఇక్కడి చీర ఫొటో తీసుకుని, అక్కడి పాలిస్టర్ పంపే అమ్మకందారును పట్టుకోవాలంటే ముందు ఎవరో ఒకరు కొని మోసపోవాలి.

సముద్రం దాటి వచ్చిన పోగు

విదేశీ సరుకు పోటీ అంటే ఈ సీమకు ఫోన్లతోపాటు వచ్చిన ముచ్చట కాదు. సెనక్కాయ రైతు ఆ రుచి ముందే చూశాడు. 1994లో పామోలిన్ దిగుమతికి లైసెన్సుల అడ్డు తీసేశారు. మలేసియా, ఇండోనేసియాల నుంచి ఓడల్లో దిగిన నూనె ముందు గానుగ నూనె ధర నిలబడలేకపోయింది. ఈరోజు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతిదే.

ఆ తర్వాత పట్టు వంతు. పట్టు ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటిది చైనా, రెండోది మనం. వాడకంలో మాత్రం మనమే ముందు. చైనా రేషం ధర తక్కువ కాబట్టే వచ్చిందనుకుంటే సగమే నిజం. అక్కడి బైవోల్టిన్ పట్టు సమంగా, గట్టిగా ఉంటుంది. వార్పులో పోగు తెగదు. తెగిన ప్రతి పోగూ అతుక్కోవడానికి నేతగాడికి పట్టే సమయమే అతని కూలి. మన దగ్గర ఎక్కువగా పండిన సంకరజాతి గూళ్ల పట్టు మెత్తన, మెరుపు బాగుంటుంది గానీ పోగు మందం ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. హిందూపురం మార్కెట్‌లో గూళ్లు అమ్ముకునే రైతు దిగుమతి ఆపమంటాడు. మగ్గం దగ్గరి మనిషి మంచి రేషం తక్కువకు కావాలంటాడు. ఇద్దరూ ఒకే జిల్లావాళ్లు, ఒక్కోసారి ఒకే ఇంటివాళ్లు. 

ఢిల్లీ ఈ ఇద్దరి మధ్య ఊగుతూ వచ్చింది. చైనా పట్టు మీద 2003లో డంపింగ్ నిరోధక సుంకం వేసింది. 2011 బడ్జెట్‌లో ముడిపట్టు మీద దిగుమతి సుంకాన్ని ఒక్కసారిగా 30 శాతం నుంచి 5 శాతానికి దించింది. పట్టురైతులు రోడ్డెక్కారు. తర్వాత పెంచుతూ, తగ్గిస్తూ, 2021 బడ్జెట్‌లో 10 శాతం నుంచి 15 శాతానికి పెంచింది. లైవ్‌లో ‘ప్యూర్ పట్టు’ అని చూపిస్తున్న చీర ధరలో ఈ సుంకాల చరిత్ర అంతా మడతపెట్టి ఉంటుంది. యాప్‌లోని పాలిస్టర్ చీరకు ఈ బాధ లేదు.

కానుకల పేరుతో

వస్తువు తయారై నేరుగా ఇంటి గుమ్మంలోకి రావడం ఈ విదేశీ పోటీలో మూడో దశ. 2017–19 మధ్య చైనా యాప్‌లు మన ఫోన్లలోకి దూసుకొచ్చాయి. చెవి దిద్దులు, ఫోన్ కవర్లు, గౌన్లు, అలంకరణ దీపాలు వంద రూపాయలకు, రెండు వందలకు. అప్పట్లో మన కస్టమ్స్ నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉండేది. విదేశాల్లోని బంధుమిత్రులు పంపే కానుక విలువ 5 వేల రూపాయల లోపుంటే సుంకం లేదు. దుబాయిలో మామయ్య పంపే వాచీ కోసం పెట్టిన నియమం అది. కొందరు అమ్మకందారులు ప్రతి పొట్లం మీదా ‘గిఫ్ట్’ అని రాసి పంపారు. చైనాలో మనకు అంతమంది మామయ్యలున్నారని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

2019 డిసెంబరులో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఆ తలుపు మూసేసింది. పోస్టులో గానీ కొరియర్‌లో గానీ కానుక పేరుతో వచ్చే సరుకు నిషేధం. ప్రాణాధార మందులకు, రాఖీలకు మాత్రం మినహాయింపు. ఆ ఉత్తర్వు ఎంత జాగ్రత్తగా రాశారంటే, రాఖీకి మినహాయింపు ఉంది గానీ రాఖీతోపాటు వచ్చే కానుకలకు లేదు. ఆ మరుసటి ఏడాది జూన్ 29న 59 చైనా యాప్‌లను కేంద్రం నిషేధించింది. క్లబ్ ఫ్యాక్టరీ, షీన్ ఆ జాబితాలో ఉన్నాయి. నవంబరులో అలీఎక్స్‌ప్రెస్ వంతు వచ్చింది. షీన్ 2025 ఫిబ్రవరిలో రిలయన్స్ చేయి పట్టుకుని, ఇక్కడే కుట్టించిన దుస్తులతో తిరిగొచ్చింది.

నేరుగా వచ్చే పొట్లాలు తగ్గాయి. సరుకు ఆగలేదు. దిగుమతిదారులు కంటెయినర్లలో తెచ్చి, మన గోదాముల్లో పెట్టి, మన యాప్‌ల మీదే మన పేర్లతో అమ్ముతున్నారు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు ఏ దేశంలో తయారైందో పేజీలో చూపాలి. చూపుతున్నారు కూడా. అయితే అది చిన్న అక్షరాల్లో, ఎన్నోసార్లు కిందికి జరిపితే గాని కనపడని చోట ఉంటుంది. ధర మాత్రం మొదటి చూపులోనే పెద్దగా కనిపిస్తుంది.

ఉత్తరానికి జవాబు వస్తుందన్న నమ్మకం

ఇంతకీ రెండు వందల రూపాయల వస్తువు అంత దూరం నుంచి ఎలా గిట్టుబాటవుతుంది? కిరాయికే అంతకు మించి అవ్వాలి కదా. దీనికి జవాబు స్విట్జర్లాండ్‌లో దొరుకుతుంది.

1874లో బెర్న్ నగరంలో దేశాలు కూడి యూనివర్సల్ పోస్టల్ యూనియన్ పెట్టుకున్నాయి. భారత్ 1876లో చేరింది. అప్పటి నియమం చాలా సరళం. ఏ దేశం స్టాంపు అమ్మితే ఆ డబ్బు ఆ దేశానిదే. అవతలి దేశం ఉత్తరాన్ని ఉచితంగా పంచిపెట్టాలి. ఉత్తరానికి జవాబు వస్తుంది కాబట్టి లెక్క సరిపోతుందన్నది వాళ్ల నమ్మకం. దాదాపు వందేళ్లు అలాగే గడిచింది. కొన్ని దేశాలకు ఉత్తరాలు రావడమే ఎక్కువై, పోవడం తక్కువయ్యాక 1969లో టోక్యో మహాసభలో ‘టెర్మినల్ డ్యూస్’ పెట్టారు. అంటే పంపిన దేశం, పంచిన దేశానికి ఇచ్చుకునే పంపిణీ కూలి. వర్ధమాన దేశాలకు ఆ కూలిలో రాయితీ ఇచ్చారు. రెండు కిలోల లోపు చిన్న పొట్లాన్ని కూడా ఉత్తరం లెక్కలోనే కలిపారు.

ఆ రోజుల్లో పొట్లాలు తక్కువ కాబట్టి ఎవరికీ పట్టలేదు. ఇంటర్నెట్ అంగళ్లు వచ్చాక చైనా నుంచి కోట్ల పొట్లాలు ఆ ఉత్తరాల దారినే బయల్దేరాయి. అమెరికాలో పక్క రాష్ట్రానికి పొట్లం పంపే ఖర్చు కన్నా షెన్‌జెన్ నుంచి రప్పించే ఖర్చు తక్కువైన సందర్భాలు అందుకే వచ్చాయి. అక్కడి చిన్న దుకాణదారులు మొత్తుకున్నారు. 2018 అక్టోబరులో అమెరికా యూనియన్ నుంచి తప్పుకుంటానని నోటీసిచ్చింది. 2019 సెప్టెంబరులో జెనీవాలో ప్రత్యేక మహాసభ పెట్టి రాజీ కుదిర్చారు. 2020 జులై నుంచి తన పంపిణీ కూలిని అమెరికా తానే నిర్ణయించుకునే వీలు దొరికింది. మిగతా దేశాలకూ ఆ దారి దశలవారీగా తెరిచారు.

ఇందులో మనవాళ్లకు అంతగా తట్టని కోణం ఒకటుంది. ఆ రాయితీ చైనాకు ఎలా అందిందో వర్ధమాన దేశంగా మనకూ అలాగే అందింది. మన పోస్టాఫీసులో కట్టిన చిన్న పొట్లం విదేశానికి కొద్దిపాటి ఖర్చుతో చేరిందంటే అదీ ఆ పుణ్యమే. చైనా పొట్లాన్ని ఆపడానికి కట్టిన కట్టకు అటువైపు మన పొట్లం కూడా ఉంది.

ఎనిమిది కిలోలు తూగే దీపం

ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. ఈ కళకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. రాత్రంతా రామాయణం ఆడించే రోజులు తగ్గాక ఈ చేతులు దీపాల వైపు మళ్లాయి.

పని దగ్గరగా చూడాల్సిందే. మేకతోలును నానబెట్టి, రోమం గీకి, ఎండలో లాగి కడితే కాగితంలా పలచబడి వెలుతురుకు దారిస్తుంది. దాని మీద గీత గీసి, సన్నటి ఉలితో ఒక్కో చుక్కా కొట్టి చిల్లులు పెడతారు. నగల గొలుసుల్లో, చీర అంచుల్లో వెలుగు బయటికి వచ్చేది ఆ చిల్లుల్లోంచే. రంగు రెండువైపులా వేయాలి. ఒకవైపే వేస్తే దీపం వెలిగించినప్పుడు వెలవెలబోతుంది. ఇనుప ఫ్రేముకు తోలు బిగించి కుడితే లాంప్‌షేడ్ తయారు.

ఇప్పుడు దీన్ని హైదరాబాదుకో ముంబయికో పంపాలి. లాంప్‌షేడ్ పెట్టెతో కలిపి 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 45 ఎత్తు అనుకుందాం. తూకం వేస్తే కిలోకు అటూ ఇటూ. కానీ కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి, 5,000తో భాగించి, వచ్చిన అంకెను కిలోలంటారు. వ్యాపారంలో దాని పేరు వాల్యూమెట్రిక్ వెయిట్. మన దీపం లెక్క 8.1 కిలోలు. తూకం, ఈ లెక్క రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జి. గాలికి కిరాయి కట్టాలన్నమాట.

దానికి పోటీగా యాప్‌లో కనిపించే కాగితం లాంతరు ఎలా వస్తుందో చూడండి. తీగ చట్రం, చుట్టూ కాగితం. నొక్కితే పళ్లెంలా చదునైపోతుంది. ఒక్క పెట్టెలో డజన్లకొద్దీ పడతాయి. కొన్నవాళ్లు ఇంట్లో లాగి తగిలించుకుంటారు. వస్తువును గీసే మనిషి మొదటి గీత దగ్గరే పార్సిల్ సైజు ఆలోచించాడు. మన దీపం తిరునాళ్లలో, లేపాక్షి షోరూముల్లో చేతికిచ్చి అమ్మే రోజుల్లో రూపుదిద్దుకుంది. అందుకని ఫ్రేము కూడా గట్టిగా, కదలకుండా చేశారు. అదే ఫ్రేమును విప్పి చదును చేసి, తోలును చుట్టగా చుట్టి పంపగలిగితే 45, 10, 10 సెంటీమీటర్ల పెట్టె సరిపోతుంది. లెక్క 0.9 కిలోలకు దిగుతుంది. తోలు అదే, బొమ్మ అదే, కూలి అదే. కిరాయి లెక్క మాత్రం ఎనిమిది కిలోల నుంచి కిలో దగ్గరికి పడిపోతుంది. నైపుణ్య శిక్షణ పేరుతో కళాకారులకు కొత్త బొమ్మలు, కొత్త రంగులు నేర్పే శిబిరాలు పెడుతుంటారు. వాటిలో ఒక్క పూట విప్పదీసే ఫ్రేముకు, పెట్టె కొలతకు కేటాయిస్తే ఆ శిబిరం ఖర్చు తిరిగొచ్చినట్టే.

చీరకు ఇంత గాలి బాధ లేదు గానీ తూకం బాధ ఉంది. కొరియర్ చార్జీలు మామూలుగా అరకిలో మెట్లలో ఉంటాయి. మంచి పట్టుచీర పెట్టెతో కలిస్తే అరకిలో దాటుతుంది, రెండో మెట్టు మొత్తం చెల్లించాలి. పాలిస్టర్ చీర కవర్లో చుట్టి మొదటి మెట్టులోనే పంపేస్తారు. రోజుకు లక్షల పార్సిళ్లు పంపే యాప్‌కి కొరియర్ కంపెనీ ఇచ్చే రేటు వేరు, రోజుకు ఐదు పంపే ఇంటికి ఇచ్చే రేటు వేరు. ‘ఫ్రీ షిప్పింగ్’ అంటే ఎవరో ఒకరు కట్టడమే. పెద్ద అంగడిలో ఆ ఖర్చు కోట్ల పార్సిళ్ల మీద పరుచుకుంటుంది. చిన్న ఇంట్లో అది నేత కూలిలోంచి పోతుంది.

ఇక సీఓడీ. వస్తువు వచ్చాక డబ్బు ఇస్తామన్నవాళ్లు తలుపు తీయకపోతే పార్సిల్ వెనక్కి వస్తుంది. రాను, పోను రెండు కిరాయిలూ అమ్మినవాళ్లవే. తిరిగొచ్చిన పట్టుచీర మడత నలిగి, మళ్లీ రోలింగ్‌కి వెళ్లాలి. అందుకే లైవ్‌ల్లో ‘ముందే ఫోన్‌పే చేయండక్కా’ అని పదేపదే అంటారు. కొనేవాళ్లకు అది అనుమానంగా తోస్తుంది, అమ్మేవాళ్లకు అది బతుకుతెరువు.

ఆగస్టులో పడిన గేటు

ధర్మవరం చీరకు మంచి గిరాకీ ఉన్న చోటు ఇంకొకటుంది, అమెరికాలోని తెలుగిళ్లు. డాలస్‌లో బతుకమ్మ, న్యూజెర్సీలో వరలక్ష్మీవ్రతం, అట్లాంటాలో పెళ్లి. అక్కడివాళ్లు ఇక్కడి లైవ్ చూసి స్క్రీన్‌షాట్లు పంపుతారు. వాళ్ల పొద్దు, మన రాత్రి. 

అమెరికాలో 2016 నుంచి 800 డాలర్ల లోపు పార్సిల్‌కి సుంకం ఉండేది కాదు. అంతకుముందు ఆ హద్దు 200 డాలర్లే. ఈ వెసులుబాటు మీదే టెము, షీన్ లాంటి కంపెనీలు అక్కడ సామ్రాజ్యాలు కట్టాయి. వాటిని అడ్డుకోవడానికి 2025 మే 2 నుంచి చైనా, హాంకాంగ్ సరుకుకు ఆ సౌకర్యం తీసేశారు. ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ తీసేశారు. సుంకం ఎవరు వసూలు చేయాలో, ఎలా కట్టాలో స్పష్టత లేదని విమానాలవాళ్లు పోస్టు సంచులు ఎక్కించుకోవడం మానేశారు. ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ అమెరికాకు చాలా రకాల పార్సిళ్లు తీసుకోవడం ఆపింది. తర్వాత కొద్దిరోజులకు మొత్తంగా ఆపేసింది.

శ్రావణమాసం అప్పుడే ముగిసింది. ఆ ఏడాది దసరా అక్టోబరు 2న. చీరలు అమ్మేవాళ్లకు ఆ ఐదారు వారాలే కాపు కాలం. అక్టోబరు 15న సేవలు మళ్లీ మొదలయ్యాయి, దీపావళికి ఐదు రోజుల ముందు. అప్పటికి భారత్ సరుకు మీద ఉన్న 50 శాతం సుంకాన్ని ఇక్కడే, పోస్టాఫీసులోనే ముందుగా కట్టించుకునే ఏర్పాటు చేశారు. ఆ తర్వాత రేట్లు మారుతూ వచ్చాయి. కానీ ‘చిన్న పార్సిలే కదా, సుంకం ఉండదు’ అన్న కాలం మాత్రం పోయింది. టెము గోదాము మీదికి విసిరిన వల ధర్మవరం ముందుగది మీదా పడింది. గోదామువాడికి అమెరికాలోనే సరుకు నిల్వ పెట్టుకునే స్తోమత ఉంది. ముందుగదికి లేదు.

కలిసి నిల్వ పెట్టుకుంటే పని జరుగుతుందని చూపించిన ఉదాహరణ మాత్రం బత్తలపల్లె వాళ్లకు ఎరుకే. ఆసుపత్రి నడిపే ఆర్డీటీ సంస్థను 1969లో అనంతపురంలో మొదలుపెట్టినవారు స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్. ఆ సంస్థ శిక్షణ కేంద్రాల్లో వికలాంగ మహిళలు చేసిన చేతివస్తువులను స్పెయిన్‌లోని అనుబంధ ఫౌండేషన్ అక్కడి దుకాణాల్లో అమ్ముతుంది. కొనేవారికి ఆ వస్తువు పక్క వీధిలో దొరుకుతుంది, అనంతపురం నుంచి ఒక్కో పొట్లం ఒక్కో గుమ్మానికి పోవాల్సిన పనిలేదు. ఆ వెనక అంతర్జాతీయ సంస్థ బలం ఉంది నిజమే. సొసైటీలు, తెలుగు సంఘాలు కలిస్తే చీరకు అలాంటి ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. అమెరికాలో తానా, ఆటా సభలు జరిగినప్పుడు చీరల స్టాళ్లు కళకళలాడతాయి. మూడు రోజుల సంతను ఏడాది పొడవు నిల్వగా మార్చడమే మిగిలింది.

శ్రీకాకుళం దగ్గర, బెంగళూరు దూరం

విదేశీ గేట్లు మన చేతుల్లో లేవు. మన గేట్ల సంగతి చూద్దాం.

2023 అక్టోబరు 1 వరకు యాప్‌లో ఒక్క చీర అమ్మాలన్నా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అదే చీర ఊళ్లో దుకాణం పెట్టి అమ్మితే చిన్న టర్నోవరుకు అక్కర్లేదు. ఆ తేదీ నుంచి చిన్న అమ్మకందార్లకు మినహాయింపు ఇచ్చారు, కానీ రాష్ట్రం దాటకూడదన్న షరతుతో. దీని అర్థం బత్తలపల్లెలో కూర్చుని చూస్తే బాగా బోధపడుతుంది. రాష్ట్రం ఆ చివర శ్రీకాకుళానికి యాప్‌లో చీర పంపితే రిజిస్ట్రేషన్ వద్దు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే బెంగళూరుకు పంపితే కావాలి. ఈ సీమ చీరకు, టమోటాకు, కూలికి అన్నిటికీ సంత బెంగళూరే. నియమం రాసిన చోట పటం తిరగేసి ఉందేమో!

విదేశాలకు పంపాలంటే తపాలా శాఖ 2022 చివరి నుంచి డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెడుతోంది. దేశంలో ఇవి వెయ్యికి పైగా ఉన్నాయి. పోస్టాఫీసులోనే ఎగుమతి పత్రం నింపి, ప్యాక్ చేసి, కస్టమ్స్‌కి పంపే వీలు. ఎగుమతి కోడ్ ఒక్కటి ఉంటే చాలు, ఏజెంటు అక్కర్లేదు. మంచి ఏర్పాటే. అయితే కౌంటర్ ఉండటం వేరు, కౌంటర్లో మనిషికి పట్టుచీరకు ఏ కస్టమ్స్ కోడ్ వేయాలో, తోలు దీపానికి ఏది వేయాలో తెలియడం వేరు. కోడ్ తప్పితే సుంకం మారుతుంది, సుంకం మారితే పార్సిల్ అవతల ఆగుతుంది. ధర్మవరం లాంటి చోట నేసేది ప్రధానంగా పట్టే, పంపేది ప్రధానంగా చీరలే. ఆ రెండు మూడు కోడ్‌లు, నింపిన నమూనా పత్రం గోడకు అంటిస్తే సగం సమస్య తీరుతుంది.

కొనేవాళ్లు చూసుకోవాల్సినవి

• సిల్క్ మార్క్ లేబుల్: కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చిన సిల్క్ మార్క్ వస్తువు అసలైన పట్టుదని చెబుతుంది. చేతిమగ్గమో పవర్‌లూమో అది చెప్పదు.

• హ్యాండ్‌లూమ్ మార్క్: చేతిమగ్గం అని చెప్పేది ఇది. రెండూ ఉంటేనే ‘చేతిమగ్గం మీద నేసిన పట్టు’.

• పోగు పరీక్ష: కొంగు చివర ఒక్క పోగు తీసి కాలిస్తే పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడిపొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. జరీ పోగు మాత్రం తీయకండి.

• తయారీ దేశం: యాప్‌లో వస్తువు వివరాల కింద తయారైన దేశం రాసి ఉండాలి. లేకపోతే అడగడం మీ హక్కు.

• వీడియో కాల్: నిజంగా మగ్గం ఉన్న ఇల్లయితే మగ్గం చూపించడానికి వెనకాడదు. అడగండి.

తగ్గించాల్సింది ఎక్కడ?

తొమ్మిది వందల చీర ఉండకూడదని ఎవరూ అనరు. రోజూ పనికి కట్టుకుని వెళ్లడానికి పాలిస్టర్ చీర చాలామంది ఆడవాళ్లకు నిజంగా మేలే చేసింది. ఉతకడం తేలిక, ఇస్త్రీ అక్కర్లేదు. గొడవల్లా అది ‘ధర్మవరం’ పేరు పెట్టుకుని అమ్ముడైనప్పుడే. పేరు విషయంలో చట్టం మనవైపే ఉంది. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరును ఎవరు పడితే వాళ్లు లిస్టింగ్‌లో రాసుకోకుండా, రిజిస్టరైన వినియోగదారు నంబరు అడిగే పని యాప్‌లు ఒక్కరోజులో చేయగలవు. ఔషధానికి లైసెన్సు నంబరు, ఆహారానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు అడుగుతున్న వాళ్లకు ఇది చేతకాని పని కాదు.

కిరాయి విషయానికొస్తే, వార్తాపత్రికలకు, పుస్తకాలకు తక్కువ రేటు ఇచ్చిన చరిత్ర తపాలా శాఖకు ఉంది. జ్ఞానం చవకగా ఊరూరా చేరాలన్నది అప్పటి ఉద్దేశం. చేనేత, హస్తకళ పార్సిళ్లకు హ్యాండ్‌లూమ్ మార్క్ లాంటి గుర్తు చూసి కిలో దాకా ఒకే మెట్టు రేటు పెడితే, కొరియర్ కంపెనీల ముందు చిన్న ఇంటికి కాస్త బలం వస్తుంది. పది ఇళ్ల పార్సిళ్లను కలిపి ఒకే ఖాతా మీద పంపితే టోకు రేటు అడగొచ్చు. ఆ పనికి కొత్త సంస్థ అక్కర్లేదు, చేనేత సహకార సంఘం చాలు. దీపాలకు కావలసింది మడతపెట్టే ఫ్రేము. బెంగళూరుకు అమ్ముకునే చిన్నవాళ్లకు కావలసింది రిజిస్ట్రేషన్ షరతులో ఒక్క సవరణ.

ఇవేవీ నేతగాడి చేతిలో లేవు. ‘కాస్త ధర తగ్గించకూడదా అన్నా’ అని లైవ్‌లో అడిగేవాళ్లు మాత్రం అతన్నే అడుగుతారు. అతను తగ్గించగలిగింది తన కూలి ఒక్కటే, దాన్ని షావుకారు ఎప్పుడో తగ్గించేశాడు. చీర ధరలో ఇంకా తగ్గడానికి వీలున్నదంతా దారిలో ఉంది. పెట్టె కొలతలో, పోస్టు రేటులో, సుంకం పత్రంలో, పన్ను షరతులో. వాటిలో అమెరికా సుంకం తప్ప మిగతావన్నీ మన దేశంలోనే తేలేవి. ఎన్నికలప్పుడు మగ్గం పక్కన కూర్చుని ఫొటో దిగే నాయకులను ఈసారి చీర ధర అడగకండి. దాన్ని బెంగళూరు పంపడానికి ఎంతవుతుందో అడగండి.